స్టీమ్ కీల బయటి విక్రయం, ధరల సమానత నియమం, న్యాయమైన పోటీ: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కంప్యూటర్ ఆటలను అంతర్జాలంలో విక్రయించే అంగళ్ళలో స్టీమ్ ప్రధానమైనది. ఈ అంగడిలో ఆటను తెరిచే సంకేతాలను, అంటే 'కీ'లను, ఇతర విక్రేతలు కూడా అమ్ముకొనే వీలుంది. ఆ అమ్మకానికి స్టీమ్ విధించిన ధరల షరతు అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ వ్యాజ్యాలకు దారితీసింది. కీకి వర్తించే షరతు వేరు, ఆటకే వర్తించే షరతు వేరు. ఈ భేదం ఆధారంగా వివాదాన్ని వివరించి, భారతీయ పోటీ చట్టం దృష్టితో దానిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: డిజిటల్ విపణి, స్టీమ్, యాక్టివేషన్ కీ, ధరల సమానత, గ్రే మార్కెట్, ఆధిపత్య దుర్వినియోగం, పోటీ చట్టం 2002.

1. ఉపోద్ఘాతం

కొత్తగా అంగడి తెరిచినవాడు పాత అంగడివాడికంటే నాలుగు రూపాయలు తగ్గించి అమ్మడం మన సంతల్లో అందరూ ఎరిగిన సంగతే. పేరు లేనివాడికి గిరాకీ తెచ్చిపెట్టేది ధర ఒక్కటే. అయితే సరుకు ఇచ్చే రైతు ఆ కొత్తవాడితో, "నీ దగ్గర తగ్గించి అమ్మించాలనే నాకూ ఉంది, కాని పెద్ద అంగడివారు ఊరుకోరు, వారి దగ్గర ఏ ధరో నీ దగ్గరా అదే ధర ఉండాలి" అంటే కొత్తవాడు ఏం చేయాలి? అద్దె తక్కువైనా, కమీషన్ తక్కువైనా ఆ తగ్గింపు కొనుగోలుదారుడి దాకా చేరదు. డిజిటల్ ఆటల వ్యాపారంలో కొన్నేళ్ళుగా నలుగుతున్న వివాదం స్థూలంగా ఇదే.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన వాల్వ్ సంస్థ 2003 సెప్టెంబరు 12న స్టీమ్‌ను ప్రారంభించింది. మొదట్లో అది ఆ సంస్థ సొంత ఆటలకు సవరణలు అందించే సాధనం మాత్రమే. 2004లో 'హాఫ్-లైఫ్ 2' విడుదలైనప్పుడు, దుకాణంలో డబ్బా కొన్నవారు సైతం అందులోని సంకేతాన్ని స్టీమ్ ఖాతాలో నమోదు చేస్తే తప్ప ఆట తెరుచుకోలేదు. అప్పట్లో ఆటగాళ్ళు దీనిపై చాలా విసుక్కున్నారు. 2005 నుంచి ఇతర సంస్థల ఆటలు కూడా స్టీమ్‌లో అమ్మకానికి వచ్చాయి. నేటి కీ వ్యవస్థకు మూలం ఆనాటి డబ్బాలోని సంకేతమే.

2. కీ స్వభావం

స్టీమ్ కీ సాధారణంగా అయిదేసి అక్షరాలు, అంకెలు గల మూడు గుంపుల వరుస. దానిని ఖాతాలో నమోదు చేసిన క్షణం నుంచి ఆట ఆ ఖాతాకు శాశ్వతంగా అంటుకుపోతుంది. కీ మరి పనికిరాదు. ఆట రూపకర్తలు అడిగితే వాల్వ్ ఈ కీలను ఉచితంగా తయారుచేసి ఇస్తుంది. సమీక్షకులకు పంపడానికి, ముందుగా చందా ఇచ్చి ఆటను పోషించినవారికి ఇవ్వడానికి, ఇతర అంగళ్ళలో అమ్మడానికి రూపకర్తలు వాటిని వాడుకుంటారు. బయట అమ్మిన కీపై వాల్వ్ కమీషన్ తీసుకోదు. అయినా ఆ కీతో ఆట తెరిచినవాడికి దిగుమతి, సవరణలు, ఆట పురోగతిని భద్రపరిచే సౌకర్యం అన్నీ వాల్వ్ ఖర్చుతోనే అందుతాయి.

పైకి చూస్తే ఇది వ్యాపారంలో అరుదైన ఔదార్యం. 2010లో మొదలైన హంబుల్ బండిల్ వంటి విక్రేతలు నిలదొక్కుకోవడానికి ఈ ఔదార్యం తోడ్పడిందనడంలో సందేహం లేదు. అయితే దీని వెనుక లెక్క కూడా ఉంది. కీ ఎక్కడ కొన్నా, కొన్నవాడు చేరేది స్టీమ్ గడపకే. అతడి ఆటల భాండాగారం అక్కడ పెరుగుతుంది, స్నేహితుల జాబితా అక్కడ ఏర్పడుతుంది, తరువాతి ఆటను అక్కడే కొనే అవకాశం ఎక్కువ. పోటీదారుడి అంగడి ఆ విధంగా స్టీమ్‌కు ద్వారపాలకుడి పని చేసిపెడుతుంది. కనుక ఉచిత కీని దానంగానూ చూడకూడదు, కుట్రగానూ చూడకూడదు. అది ఇరుపక్షాలకూ లాభం గల ఏర్పాటు.

ఈ ఏర్పాటు దుర్వినియోగమైన సందర్భాలూ లేకపోలేదు. అసలు అమ్మకాలు నామమాత్రంగా ఉన్న కొన్ని ఆటలకు కీలను మాత్రం వేల సంఖ్యలో అడిగి, స్టీమ్‌లోని ట్రేడింగ్ కార్డుల కోసం యంత్రాల చేత ఆడించినవారు ఉన్నారు. అమ్మకాలకు పొంతన లేని కీల అభ్యర్థనలను తిరస్కరిస్తామని వాల్వ్ 2017లో ప్రకటించింది.

3. ధరల సమానత నియమం

కీలను బయట అమ్మేవారికి వాల్వ్ బహిరంగంగా ప్రకటించిన నియమం సారాంశం ఇది: కీని ఇతర అంగళ్ళలో అమ్ముకోవచ్చు, వేర్వేరు సమయాల్లో తగ్గింపులు ఇవ్వవచ్చు, కాని స్టీమ్‌లో కొనేవారికి కీ కొనేవారికంటే నష్టకరమైన బేరం ఉండకూడదు. బయట ఇచ్చిన తగ్గింపు వంటిది సముచిత కాలంలో స్టీమ్‌లోనూ ఇవ్వాలి.

ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడాలి. మొదటిది, వాల్వ్ తయారుచేసి ఇచ్చిన కీకి మాత్రమే వర్తించే సమానత. దీనిని 'కీ-పరిమిత సమానత' అందాం. రెండవది, స్టీమ్‌తో సంబంధం లేకుండా మరో అంగడిలోనో సొంత వెబ్‌సైటులోనో అమ్మే ప్రతికి కూడా అదే ధర ఉండాలనడం. దీనిని 'ఆట-వ్యాప్త సమానత' అందాం. చర్చల్లో ఈ రెండూ తరచు కలిసిపోయి గందరగోళం కలిగిస్తున్నాయి. ఒకదానికి చెప్పే సమర్థన మరొకదానికి సరిపోదు.

కీ-పరిమిత సమానతకు గట్టి సమర్థనే ఉంది. కీ వాల్వ్‌ది, సేవల ఖర్చూ వాల్వ్‌దే. షరతు లేకపోతే రూపకర్త స్టీమ్‌లో ఆటను ప్రదర్శనకు పెట్టి, అక్కడ ధర ఎక్కువగా ఉంచి, అమ్మకమంతా తక్కువ ధర కీల ద్వారా బయట జరుపుకోవచ్చు. అంటే స్టీమ్ ఖర్చు భరిస్తుంది, ఆదాయం మాత్రం ఇతరులకు పోతుంది. ఈ పరిస్థితిని నివారించే హక్కు అంగడికి కొంతవరకైనా ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆట-వ్యాప్త సమానత విషయం వేరు. ఎపిక్ అంగడిలో అమ్ముడైన ప్రతిని ఎపిక్ యంత్రాలే అందిస్తాయి. అందులో వాల్వ్‌కు పైసా ఖర్చు లేదు. అక్కడి ధరను కూడా కట్టడి చేస్తే ఏమవుతుందో చిన్న లెక్కతో చూడవచ్చు. స్టీమ్ సాధారణ కమీషన్ 30 శాతం. 2018 డిసెంబరులో మొదలైనప్పుడు ఎపిక్ గేమ్స్ స్టోర్ కమీషన్ 12 శాతం. ఒక ఆట ధర 1,000 రూపాయలనుకుందాం. స్టీమ్‌లో అమ్మితే రూపకర్తకు 700 రూపాయలు దక్కుతాయి. అదే ఆటను 12 శాతం కమీషన్ తీసుకొనే చోట 800 రూపాయలకు అమ్మినా అతడికి 704 రూపాయలు వస్తాయి. కొనేవాడికి 200 రూపాయలు ఆదా, రూపకర్తకు నాలుగు రూపాయలు అదనం. ఇద్దరికీ లాభమైన ఈ బేరం సమానత షరతు ఉన్నచోట జరగదు. రెండు చోట్లా 1,000 రూపాయలే అయినప్పుడు కొనేవాడు తన ఆటలన్నీ ఉన్న పాత అంగడిని వదిలి ఎందుకు పోతాడు? అతడు పోడు గనుక కొత్త అంగడి ఎదగదు. ఎదగదు గనుక పాత అంగడికి కమీషన్ తగ్గించవలసిన అగత్యం కలగదు.

ధర స్వేచ్ఛగా ఉన్నప్పుడు ఏం జరుగుతుందో చూపే ఉదాహరణ ఒకటుంది. 2019 జనవరిలో 'మెట్రో ఎక్సోడస్' ఆట ప్రచురణకర్తలు స్టీమ్‌లో ముందస్తు అమ్మకాన్ని నిలిపివేసి, ఒక ఏడాదిపాటు ఎపిక్ అంగడికే ఆటను పరిమితం చేశారు. అప్పుడు అమెరికాలో దాని ధర 59.99 డాలర్ల నుంచి 49.99 డాలర్లకు తగ్గింది. తక్కువ కమీషన్ తక్కువ ధరగా మారగలదనడానికి ఇది నిదర్శనం. అయితే ఆ తగ్గింపు రెండు అంగళ్ళు పక్కపక్కన పోటీపడినప్పుడు రాలేదు, ఒక అంగడి నుంచి ఆటను పూర్తిగా తీసేసినప్పుడు వచ్చింది. ఈ ఏకాంగడి ఒప్పందాలపై ఆటగాళ్ళు తీవ్రంగా మండిపడ్డారు. వారి కోపం సహజమే. కాని ధరతో పోటీపడే దారి మూసుకుపోయినప్పుడు కొత్త విక్రేతలు ప్రత్యేక హక్కులు కొనే దారి పట్టడంలో ఆశ్చర్యపడవలసింది లేదు.

స్టీమ్ తన కమీషన్‌ను అసలు సవరించలేదనడం సరికాదు. 2018 చివరలో అది అంతస్తుల పద్ధతి ప్రవేశపెట్టింది. ఒక ఆట ఆదాయం కోటి డాలర్లు దాటితే ఆపై అమ్మకాలకు 25 శాతం, అయిదు కోట్లు దాటితే 20 శాతం. మేలు పొందింది పెద్ద సంస్థలు. ఇద్దరు ముగ్గురు కలిసి ఆట తయారుచేసుకొనే చిన్న బృందానికి 30 శాతమే మిగిలింది. పన్నుల విధానంలో ఉన్నవాడిపై ఎక్కువ భారం వేస్తారు. ఇక్కడ వరుస తలకిందులైంది. కారణం తేలిక. విడిగా సొంత అంగడి పెట్టుకోగల శక్తి పెద్దవారికే ఉంది.

4. వుల్ఫైర్ వ్యాజ్యం

హంబుల్ బండిల్‌ను మొదలుపెట్టిన వుల్ఫైర్ గేమ్స్ సంస్థే 2021 ఏప్రిల్‌లో సియాటిల్‌లోని ఫెడరల్ న్యాయస్థానంలో వాల్వ్‌పై దావా వేసింది. తమ 'ఓవర్‌గ్రోత్' ఆటను తక్కువ కమీషన్ గల అంగళ్ళలోనూ సొంత వెబ్‌సైటులోనూ తక్కువ ధరకు, స్టీమ్ కీలు వాడకుండా అమ్మినా సరే ఆటను స్టీమ్ నుంచి తొలగిస్తామని వాల్వ్ చెప్పినట్టు ఆ సంస్థకు చెందిన డేవిడ్ రోసెన్ ఆరోపించారు. ఈ ఆరోపణలోని బరువంతా 'కీలు వాడకుండా' అన్న మాటలో ఉంది. అది నిజమైతే ప్రకటిత నియమం కీ-పరిమితమైనా, ఆచరణ ఆట-వ్యాప్తమన్నమాట. వాల్వ్ ఈ ఆరోపణలను తోసిపుచ్చింది. తాను ఉచితంగా ఇచ్చిన కీలతో తనకంటే తగ్గించి అమ్మేవారికి తోడ్పడవలసిన బాధ్యత చట్టం తనపై మోపలేదన్నది దాని ముఖ్య వాదన.

2021 నవంబరులో న్యాయమూర్తి ఫిర్యాదును కొట్టివేస్తూ, సవరించుకొనే అవకాశం ఇచ్చారు. అంతగా బలం లేని తొలినాళ్ళలో కూడా స్టీమ్ ఇదే కమీషన్ తీసుకున్నది కదా, అటువంటప్పుడు అది ఆధిపత్యం వల్ల పెంచిన ధర ఎలా అవుతుందన్నది ఆయన లేవనెత్తిన ముఖ్య సందేహం. ఇది తేలిగ్గా తోసివేయదగిన ప్రశ్న కాదు. సవరించిన ఫిర్యాదు వచ్చాక, 2022 మేలో, ధరల సమానతకు సంబంధించిన ఆరోపణలు విచారణకు నిలిచాయి. 2024 నవంబరులో న్యాయస్థానం దీనిని సామూహిక దావాగా ధ్రువీకరించింది. 2017 జనవరి 28 తరువాత స్టీమ్‌కు కమీషన్ చెల్లించినవారందరూ ఈ సమూహం కిందికి వస్తారు. ధ్రువీకరణ అంటే ఆరోపణ రుజువైనట్టు కాదు. ఒక్కొక్కరు విడివిడిగా కాక, అందరి తరఫునా ఒకే విచారణ జరగవచ్చునని మాత్రమే అర్థం. బ్రిటన్‌లో 2024 జూన్‌లో వినియోగదారుల తరఫున దాఖలైన దావా 65.6 కోట్ల పౌండ్ల పరిహారం కోరింది. అమెరికా దావా అమ్మేవారి నష్టాన్ని చూపితే, ఇది కొనేవారి నష్టాన్ని చూపుతుంది.

5. గ్రే మార్కెట్: షరతు చేరని చోటు

కీల బయటి విక్రయం అనగానే చాలామందికి స్ఫురించేది గ్రే మార్కెట్. ఇది ముందు చెప్పిన అధీకృత విక్రేతల కోవలోకి రాదు. అధీకృత విక్రేతకు కీలు రూపకర్త నుంచే వస్తాయి. గ్రే మార్కెట్‌లో ఎవరో ఎక్కడో సంపాదించిన కీని మరెవరో అమ్ముతారు. వేదిక నడిపే సంస్థ మధ్యవర్తి మాత్రమే. కీ ఎలా వచ్చిందో కొనేవాడికి తెలియదు. తగ్గింపు కాలంలో కొని దాచుకున్నది కావచ్చు, సమీక్షకుడినని నమ్మబలికి తీసుకున్నది కావచ్చు, దొంగిలించిన క్రెడిట్ కార్డుతో కొన్నది కూడా కావచ్చు. చివరి సందర్భంలో కార్డు అసలు యజమాని ఫిర్యాదు చేయగానే బ్యాంకు డబ్బు వెనక్కి తీసుకుంటుంది. రూపకర్తకు అమ్మకమూ పోయి, బ్యాంకు విధించే రుసుమూ మీద పడుతుంది.

'ఫ్యాక్టోరియో' ఆట రూపకర్తలైన చెక్ సంస్థ వూబ్ సాఫ్ట్‌వేర్ ఉదంతం ఇందుకు ప్రసిద్ధం. తమ వేదికపై దొంగ కీలు అమ్ముడైనట్టు తేలితే రూపకర్తకు కలిగిన నష్టానికి పదిరెట్లు చెల్లిస్తామని జి2ఎ సంస్థ 2019లో ప్రకటించింది. వూబ్ తన అనుమానిత కీల జాబితా ఇచ్చింది. వాటిలో 198 కీలు 2016లో తమ వేదికపై అమ్ముడైనట్టు జి2ఎ 2020లో అంగీకరించి 39,600 డాలర్లు చెల్లించింది. కీ ఒక్కింటికి 20 డాలర్లు, దానికి పదిరెట్లు, లెక్క సరిపోయింది.

గమనించవలసిన విషయం మరొకటి ఉంది. సమానత షరతు రూపకర్త ద్వారా అమలవుతుంది కనుక, రూపకర్త అదుపులో ఉన్న అధీకృత విక్రేతకే అది తగులుతుంది. గ్రే మార్కెట్ అమ్మకందారుడు ఎవరికీ సంతకం పెట్టలేదు. అతడు ఎంతకైనా అమ్ముకోవచ్చు. నిజాయితీగా తగ్గించి అమ్మదలచినవాడి చేతులు కట్టి, అనామకుడిని వదిలిపెట్టిన ఫలితం వస్తున్నది. చౌక ధరకోసం వెతికే కుర్రవాడు చివరికి చేరేది ఆ అనామకుడి దగ్గరికే. తరువాత కీ రద్దయితే ఆట పోతుంది, డబ్బు వెనక్కి వస్తుందన్న భరోసా ఉండదు.

6. ప్రాంతీయ తాళాలు

ఒక దేశంలో కొన్న కీ మరో దేశంలో పనిచేయకుండా తాళం వేయడం కీల వ్యవస్థలో మరో పార్శ్వం. 2021 జనవరి 20న యూరోపియన్ కమిషన్ వాల్వ్‌కూ, బందాయ్ నామ్కో, క్యాప్‌కామ్, ఫోకస్ హోమ్, కోచ్ మీడియా, జెనిమాక్స్ అనే అయిదు ప్రచురణ సంస్థలకూ కలిపి 78 లక్షల యూరోల జరిమానా విధించింది. అందులో వాల్వ్ వాటా 16 లక్షల 24 వేల యూరోలు. పోలండ్, హంగరీ, రొమేనియా వంటి మధ్య, తూర్పు యూరప్ దేశాల్లో చౌకగా అమ్మిన సుమారు 100 ఆటల కీలు పశ్చిమ దేశాల్లో తెరుచుకోకుండా తాళం వేశారన్నది అభియోగం. ప్రచురణకర్తలు విచారణకు సహకరించి జరిమానాలో రాయితీ పొందారు. వాల్వ్ సహకరించక పూర్తి మొత్తం చెల్లించవలసి వచ్చింది. కాపీరైటు తమకు ఈ అధికారం ఇస్తుందన్న వాల్వ్ వాదనను 2023 సెప్టెంబరు 27న యూరోపియన్ జనరల్ కోర్టు తిరస్కరించింది. కృతికర్తకు తగిన ప్రతిఫలం దక్కేలా చూడడమే కాపీరైటు ప్రయోజనమని, సాధ్యమైనంత అధిక ధర రాబట్టడానికి విపణిని ముక్కలు చేసే హక్కు అందులో లేదని ఆ తీర్పు సారాంశం.

ఈ తీర్పును యథాతథంగా మన దేశానికి అన్వయించలేము. యూరోపియన్ యూనియన్ ఒకే విపణిగా ఉండాలన్నది అక్కడి మూలసూత్రం. మనకు అటువంటి ఉమ్మడి విపణి ఏ సంపన్న దేశంతోనూ లేదు. 2015 నుంచి స్టీమ్‌లో రూపాయల్లో ధరలు ఉన్నాయి. చాలా ఆటలకు ఆ ధరలు అమెరికా ధరలకంటే గణనీయంగా తక్కువ. మన కీలు ప్రపంచమంతటా చెల్లితే ఇతర దేశాల బేరగాళ్ళు ఇక్కడ కొని అక్కడ అమ్ముతారు, ప్రచురణకర్తలు మన ధరలు పెంచుతారు. ప్రాంతీయ ధర ఎంత సులువుగా తొలగిపోగలదో 2023 నవంబరులో అర్జెంటీనా, టర్కీ ఆటగాళ్ళు చూశారు. ఆ దేశాల్లో మారకపు విలువ నిలకడగా లేదన్న కారణంతో స్టీమ్ స్థానిక ద్రవ్యంలో ధరలు ఎత్తివేసి డాలర్లకు మారింది. కనుక బ్రస్సెల్స్‌లో నేరమైన తాళం విజయవాడ విద్యార్థి పాలిట రక్షణ కావచ్చు. పోటీ చట్టంలో ఒకే చర్య రెండు చోట్ల రెండు విలువలు పొందడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

7. భారతీయ చట్టం దృష్టిలో

ఆటల అంగళ్ళ ధరల సమానతకు దగ్గరి పోలిక మన దేశంలో హోటళ్ళ రంగంలో ఉంది. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా మేక్‌మైట్రిప్-గోఐబిబోకు 223.48 కోట్ల రూపాయలు, ఓయోకు 168.88 కోట్ల రూపాయలు జరిమానా విధించింది. తమ వేదికపై ఉన్న ధరకంటే తక్కువకు ఇతర వేదికలపైగాని, హోటల్ సొంత వెబ్‌సైటులోగాని గది ఇవ్వకూడదని మేక్‌మైట్రిప్ హోటళ్ళకు షరతు పెట్టింది. ఆధిపత్య స్థానంలో ఉన్న వేదిక ఇటువంటి షరతు పెట్టడం తప్పని కమిషన్ తేల్చి, ఒప్పందాలు సవరించమని ఆదేశించింది. 'గది' అన్నచోట 'ఆట' అని చదువుకుంటే ఆట-వ్యాప్త సమానత కళ్ళముందు నిలుస్తుంది. యూరప్‌లో కూడా 2022 నాటి 720వ నిబంధన పోటీ వేదికల ధరలను కట్టడి చేసే షరతులకు సామూహిక మినహాయింపును నిరాకరించింది. ఇటువంటి షరతు లేనిదే వేదిక మనజాలదన్న వాదన బుకింగ్ డాట్ కామ్ విషయంలో 2024 సెప్టెంబరులో యూరోపియన్ న్యాయస్థానం ముందు నిలవలేదు.

పోటీ చట్టం 2002లో 4వ సెక్షన్ ఆధిపత్య దుర్వినియోగాన్ని, 3(4) సెక్షన్ సరఫరా శ్రేణిలో వేర్వేరు అంతస్తుల్లో ఉన్నవారి మధ్య పోటీని దెబ్బతీసే ఒప్పందాలను నిషేధిస్తాయి. సంస్థ విదేశంలో ఉన్నా, దాని చర్య ప్రభావం ఇక్కడి విపణిపై ఉంటే విచారించే అధికారం 32వ సెక్షన్ కింద కమిషన్‌కు ఉంది. చిక్కంతా సంబద్ధ విపణిని నిర్ణయించడంలో వస్తుంది. మన దేశంలో ఆటలాడేవారిలో అత్యధికులు మొబైల్ ఫోన్ మీద ఆడతారు. 'డిజిటల్ ఆటల విపణి' అని విశాలంగా గీత గీస్తే స్టీమ్ అందులో చిన్న భాగం. 'కంప్యూటర్ ఆటల పంపిణీ విపణి' అని ఇరుకుగా గీస్తే చిత్రం మారిపోతుంది. ఫోన్‌లో ఆడే ఆటను కంప్యూటర్ ఆటకు ప్రత్యామ్నాయంగా రూపకర్త ఎంచుకోలేడు. రెండింటికీ పరికరాలు వేరు, నిర్మాణ వ్యయం వేరు, కొనేవారు వేరు. అందువల్ల ఇరుకు గీతే సముచితమని తోస్తున్నది.

ఈ చర్చ మనకు దూరమైనదేమీ కాదు. హైదరాబాదుకు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో తన 'అసుర' ఆటను 2017లో స్టీమ్ ద్వారానే ప్రపంచం ముందు ఉంచింది. ఇటువంటి చిన్న బృందాలకు స్టీమ్ వంటి అంగడి లేనిదే విదేశీ కొనుగోలుదారుడు దొరకడు. ఆ అంగడి షరతులను బేరమాడే శక్తీ వారికి లేదు. పంపిణీ ఒప్పందంపై సంతకం చేసేముందు అటువంటి బృందం చూసుకోవలసిన వాక్యం ఒకటుంది: ధరల షరతు అంగడి ఇచ్చే కీలకు మాత్రమేనా, లేక ఆటను ఎక్కడ అమ్మినా వర్తిస్తుందా? మాటల్లో మొదటిదే ఉండి, అంగడి ప్రతినిధి లేఖల్లో రెండవది కనిపిస్తే ఆ లేఖలను భద్రపరచుకోవాలి. సియాటిల్ వ్యాజ్యంలోనూ వాదం ప్రధానంగా నడుస్తున్నది ప్రకటిత నియమానికీ, ఆచరణలో అంగడి చెప్పినట్టు ఆరోపిస్తున్న మాటకూ మధ్య ఉన్న ఆ ఎడం మీదనే.